పటంలోకి ఎక్కని పానకాలు మొగ

వెంకాయమ్మ కాపురానికి వచ్చింది మొదలు శ్రీరామనవమి నాడు పానకాన్ని పానకం అని ఎన్నడూ అనలేదు. తీపినీళ్లు అనేది. పందిట్లో చెంబు చాపి, "ఇంకొంచెం తీపినీళ్లు పొయ్యండి పంతులుగారూ" అంటే చుట్టూ ఉన్నవాళ్లు ముసిముసిగా నవ్వేవాళ్లు. ఎందుకంటే ఆవిడ పెనిమిటి పేరు పానకాలు. మొగుడి పేరు ఆడది నోట అంటే అతని ఆయుష్షు తరుగుతుందని అత్తగారు మొదటి వారమే చెప్పింది. చెప్పి ఊరుకోక, ఆ పేరుకి దగ్గరగా ఉన్న మాటలు కూడా మాన్పించింది. ఎవరన్నా వచ్చి మీ ఆయన పేరేమిటమ్మా అంటే పక్కనున్న వాళ్లని మోచేత్తో పొడవడం, వాళ్లు చెప్పడం, వెంకాయమ్మ తల ఊపడం. అంతే. ఇది ఆవిడ ఒక్కదాని మర్యాద కాదు, పాలెంలో ఆడవాళ్లందరిదీను. అందువల్ల ఒకరికి చెరుపు జరుగుతుందని ఎవరికి మాత్రం తోస్తుంది?

పాలెం అంటే మగ్గాలపాలెం. చీరాలకి ఏడెనిమిది మైళ్ల దూరాన, ఇసుక దిబ్బలకీ ఉప్పుటేటికీ మధ్యన ఉండేది. నలభై గడప. ప్రతి ఇంట్లోనూ నేలలో ఒక గుంట, ఆ గుంటలో కాళ్లు పెట్టుకుని నేసే మగ్గం. మగ్గం గుంటకి నీళ్లంటే చేటు. అడుగున చెమ్మ ఊరినా నూలు బూజు పడుతుంది. అలాంటి ఊరికి పక్కనే ఏరు. అద్దంకి దాకా పడమటి మెరక మీద, పత్తి చేలల్లో మిరప చేలల్లో ఎంత వాన పడితే అంత నీరూ వాగులై వచ్చి ఆ ఏట్లోకే దిగాలి. దిగినది సముద్రంలోకి పోవాలి. ఏరు సముద్రంలో కలిసే ఆ మూతినే మొగ అంటారు. వేసవిలో సముద్రం ఇసుక తెచ్చి పోసి పోసి మొగని మూసేస్తుంది. వానలొచ్చి ఏరు ఉబ్బగానే పాలెం మగవాళ్లు ముప్పై మంది పారలు తీసుకుని వెళ్లి ఇసుక గట్టుకి గండి కొట్టాలి. జానెడు దారి ఇస్తే చాలు, ఆ పైన నీళ్లే తవ్వుకుంటాయి. సాయంత్రానికి ఏరు దిగిపోతుంది, మగ్గం గుంటలు పొడిగా ఉంటాయి.

ఎప్పుడో, ఏ ఏడో చెప్పగలవాళ్లు లేరు గాని, పెద్ద వరదలో గట్టు కోస్తూ కోస్తూ ఒకాయన గండి తెగిన ఊపుకి పార చేత్తో పట్టుకునే సముద్రంలోకి కొట్టుకుపోయాడట. ఊరు మిగిలింది, ఆయన మిగల్లేదు. ఆయన పేరే మొగకి పెట్టారు. పానకాలు మొగ. వెంకాయమ్మ పెనిమిటికి ముత్తాత ఆయన. ఆ పేరే ఇతనికీ పెట్టారు. ఏటా గండి కొట్టేటప్పుడు మొదటి పార ఆ ఇంటి మగవాడే వెయ్యాలి. పానకాలుకి అదొక్కటే గొప్ప. మగ్గం మీద వంచిన తల ఎత్తని మనిషి, ఆ రోజు మాత్రం తలపాగా చుట్టి ముందు నడిచేవాడు.

ఆంధ్రరాష్ట్రం తెలంగాణాతో కలిసి పెద్దదైన మరుసటి ఫాల్గుణంలో సర్వే వాళ్లు వచ్చారు. సరిగ్గా మంగళగిరి తిరునాళ్ల రోజుల్లో. సాలె కులం వాళ్లకి ఆ తిరునాళ్లంటే మాటలా? మగ్గాలు ఆపి, ఇళ్లకి గొళ్లేలు పెట్టి, పిల్లాజెల్లా బళ్లెక్కి పాలెం మొత్తం కదిలింది. వెంకాయమ్మ నిండు నెలల మనిషి గనక ఆగిపోయింది. ఆగిన రెండో మనిషి పక్కింటి రహమతున్నీసా. ఆవిడ భర్త అలీ సాహెబు పాలెంలో అందరి నూలుకీ రంగులు అద్దేవాడు. రంగు నూలు ఇవ్వడానికి చీరాల వెళ్లాడు ఆ పూట.

మామూలుగా అయితే ఆ ఇద్దరాడవాళ్లూ ఒకరి వాకిట్లో ఒకరు ఉండేవాళ్లు. ఆ వారం మాత్రం మాటల్లేవు. ఏమయిందంటే, వెంకాయమ్మ మగ్గానికెక్కించే నిలువు దారాల పడుగుకి గంజి పట్టించి వీధి పొడవునా సాచి ఆరబెట్టుకుంది. రహమతున్నీసా మేక తాడు తెంపుకొచ్చి గంజి రుచికి పడుగు చివర మూరెడు మేర నమిలేసింది. పదహారు చీరల పడుగు. దారం దారం అతుక్కుంటూ వెంకాయమ్మ మూడు రోజులు కూర్చుంది. నడుం నొప్పి ఒకపక్క, నెలల భారం ఒకపక్క. నోరు జారింది.

"మేకని మేపడం చేతకానిదానివి ఊళ్లో కాపురమెందుకు చేస్తున్నావే?" అంది.

"నీ పడుగు వీధిలో పరిచి, వీధి నీదన్నట్టు మాట్లాడతావేం?" అంది రహమతున్నీసా.

అక్కడితో ఆగితే బాగుండును. ఆగలేదు. నీ మొహం చూడనంటే నీ మొహం చూడననుకున్నారు. ఇద్దరి మధ్యా తాటాకు కంచె.

మిట్టమధ్యాహ్నం పూట సర్వే అమీను వచ్చాడు. పేరు అనంతపద్మనాభం. నెత్తిన గొడుగు, చంకలో పటాల గొట్టం, వెనక ఇనప గొలుసు మోసుకుంటూ ఇద్దరు మనుషులు. తలుపులన్నీ మూసి ఉంటే చూసుకుంటూ చూసుకుంటూ వెంకాయమ్మ అరుగు దగ్గర ఆగాడు. మంచినీళ్లడిగాడు. తాగాడు.

"ఊళ్లో మగవాళ్లెవరూ లేరామ్మా?"

"మంగళగిరి తిరునాళ్లకి పోయారండి. రథం చూసుకుని ఎల్లుండో, ఆవలెల్లుండో వస్తారు."

"ఎల్లుండికి నేను వేటపాలెం దాటి ఉండాలి. పోనీ నువ్వు చెప్పు. అదిగో, ఏరు సముద్రంలో కలిసే చోటు, దానికేమన్నా పేరుందా?"

"లేకేమండి. ఉంది."

"ఏమిటి?"

వెంకాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెప్పమ్మా. రాసుకోవాలి."

"నేను చెప్పకూడదండి."

గొలుసు పట్టిన వాళ్లలో ఒకడు రెండోవాడితో, "బూతు పేరేమోరా" అన్నాడు గట్టిగానే.

"బూతెందుకవుద్దయ్యా, నీ నోరు పడిపోనూ," అంది వెంకాయమ్మ. "మా ఇంటాయన పేరండి అది. ఆయన ముత్తాతదీ అదే."

అనంతపద్మనాభం నవ్వాడు. మంచివాడే. "మా ఇంట్లోనూ అంతేలే అమ్మా. పోస్టుమాను వస్తే మా ఆవిడ గోడ మీద ఉన్న దేవుడి పటం వంక చూపిస్తుంది. సరే, పక్కింట్లో ఎవరన్నా ఉంటే పిలువు. వాళ్లచేత చెప్పిద్దాం."

వెంకాయమ్మ కంచె వైపు చూసింది. కంచె మీద నుంచి ఆరేసిన నూలు చిలపలు కనిపిస్తున్నాయి, ఎర్రవి. వాటి కింద గాజుల చప్పుడు. రహమతున్నీసా అక్కడే ఉంది, నూలు దులుపుతోంది. ఒక్క కేక చాలు. రహమతమ్మా, ఇట్టా రా, అయ్యగారికి మొగ పేరు చెప్పు, అంటే చాలు. ముందు పిలిచినదానిది తప్పయినట్టు అవుతుందేమోనని వెంకాయమ్మకి అభిమానం అడ్డమొచ్చింది. పడుగు తినిపించిందీ ఆవిడ, పిలవాల్సిందీ నేనా అనుకుంది.

"ఎవరూ లేరండి," అంది.

కంచె అవతల గాజుల చప్పుడు ఆగిపోయింది.

"పోనీ ఇంకో పేరేమన్నా ఉందా దానికి?"

"ఏటికవతల తూర్పుదిబ్బ వాళ్లు గవ్వల మొగ అంటారండి. గవ్వలు కొట్టుకొస్తాయిగా అక్కడికి. మా పిల్లకాయలూ ఒక్కోసారి అంటుంటారు."

"గవ్వల మొగ. బాగానే ఉంది," అని ఆయన రాసుకున్నాడు. చెప్పినవారి పేరు దగ్గర ఆవిడ పేరు రాసి, వేలిముద్ర వేయించుకున్నాడు. వెంకాయమ్మ సిరా బొటనవేలిని గంజి గుడ్డకి తుడుచుకుని, హమ్మయ్య అనుకుంది. అదీ ఒక పేరేగా, ఆ మనిషి పనీ అయింది, తన నోరూ మైలపడలేదు.

ఆయన ఏరు దాటి తూర్పుదిబ్బ వెళ్లాడు. అక్కడా అడిగాడు. "గవ్వల మొగ మాదేనండి" అన్నారు వాళ్లు. రెండూళ్ల మాటా ఒకటయింది. పటంలో మొగని తూర్పుదిబ్బ ఎల్లలో గీసి, గవ్వల మొగ అని రాశారు. అందులో ఆయన తప్పు మాత్రం ఏముంది?

తిరునాళ్ల నుంచి వచ్చిన పానకాలు గుమ్మంలో చెప్పులు విడుస్తూనే అడిగాడు.

"సర్వే వాళ్లొచ్చారటగా?"

"వచ్చారు. గొలుసులేసి కొలుచుకుపోయారు."

"మొగ దగ్గర కూడా కొలిచారా?"

"కొలిచారు."

"అయితే మా ముత్తాత గవర్నమెంటు పటంలోకి ఎక్కాడన్నమాట," అన్నాడు పానకాలు. అతని మొహం దీపం పెట్టినట్టయింది. వెంటనే వీధిలోకి వెళ్లి నలుగురికీ చెప్పాడు. అతను తిరిగి వచ్చాక వెంకాయమ్మ నోరు తెరిచింది. తెరిచిన నోటితో, "కాళ్లు కడుక్కోండి, అన్నం పెడతా" అంది. రేపు చెబుదాంలే అనుకుంది. ఆ రేపు రాలేదు. పదకొండో రోజున పురుడొచ్చింది, ఆడపిల్ల. పురిటి నొప్పుల్లో పిలవకుండానే కంచె దాటి వచ్చి, వీపు నిమిరి, వేడినీళ్లు కాచింది రహమతున్నీసా. దాంతో మేక గొడవ పోయింది. మళ్లీ ఒకరి వాకిట్లో ఒకరు కూర్చున్నారు. కాని సర్వే వచ్చిన మధ్యాహ్నం మాట మాత్రం ఇద్దరిలో ఒక్కరూ ఎత్తలేదు.

ఆ తర్వాత నాలుగేళ్లూ వానలు నికరంగా పడ్డాయి. మొగ ఒక్కో ఏడు తనంతట తనే తెగేది, తెగకపోతే పాలెం వాళ్లు వెళ్లి కోసేవాళ్లు, అడిగేవాళ్లు లేరు. అయిదో ఏట తూర్పుదిబ్బ యలమందయ్య మొగ దగ్గర చేపలు పట్టుకునే హక్కు వేలంలో పాడుకున్నాడు. ఆ కార్తీకంలోనే ముసురు పట్టింది. నాలుగు రోజులు విడవకుండా కురిసింది. పడమట వాగులు పొంగాయి. ఏరు గట్టు నిండా నిలిచింది. పానకాలు తలపాగా చుట్టాడు, ముప్పై పారలు అతని వెనక నడిచాయి.

మొగ దగ్గర యలమందయ్య, అతని మనుషులు అడ్డం నిలబడ్డారు.

"పానకాలూ, నాకు మీమీద పగేమీ లేదు," అన్నాడు యలమందయ్య. "నీళ్లు పోతే నా చేపలూ పోతాయి. ఇది మా ఊరి మొగ. పటం చూడు. కోసుకోమని కాగితం తీసుకురా, నేనే పక్కకి తప్పుకుంటా."

"మీ ఊరిదేందయ్యా? దీని పేరేంది? ఎవరి పేరు?" అన్నాడు పానకాలు.

"పటంలో గవ్వల మొగ అని ఉంది."

పానకాలు నమ్మలేదు. కరణాన్ని పిలిపించారు. కరణం గొడుగు కింద పటం విప్పి చూసి, నిజమే, గవ్వల మొగే, తూర్పుదిబ్బదే, చెయ్యి వేస్తే కేసవుతుంది అన్నాడు. కర్రలు లేచేవే. పెద్దవాళ్లు ఆపారు. పానకాలు మొలలోతు నీళ్లలో నడిచి తాలూకా కచేరీకి వెళ్లాడు. అర్జీ పెట్టి, అధికారి కోసం కూర్చుని, గట్టు కోసుకోమన్న కాగితం చేతబట్టుకుని తిరిగి వచ్చి గండి కొట్టించేసరికి మూడో రోజు.

ఆ మూడు రోజుల్లో ఊళ్లో ఏం జరిగిందో వెంకాయమ్మ కళ్లారా చూసింది. మొదటి రోజు మగ్గం గుంటల్లో నీళ్లు ఊరాయి. చెంబులతో తోడారు. రెండో రోజు గడప మీదుగా వచ్చాయి. తోడడం మానేసి పడుగులు విప్పి అటక మీదికెక్కించారు. తడిసిన మట్టిగోడలు ఒక్కొక్కటే కూర్చున్నాయి, ముసలివాళ్లు చతికిలబడ్డట్టు, చప్పుడు కూడా పెద్దగా లేకుండా. నలభైలో ఇరవై రెండు ఇళ్లు. అలీ సాహెబు రంగుల పాక పడిపోయి బానలన్నీ ఒరిగి, వీధి నీళ్లు ఒక పూట ఎర్రగా, ఒక పూట నీలంగా పారాయి. రహమతున్నీసా ఆ నీళ్లలో నిలబడి చేతులు రెండూ వేలాడేసుకుని చూస్తూ ఉండిపోయింది. వెంకాయమ్మ వెళ్లి ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. ఒకప్పుడు సిరా అంటిన బొటనవేలు కంటబడి ఆ చెయ్యి తీసేసుకుంది.

నెల తిరక్కుండా సగం పాలెం ఖాళీ అయింది. కొందరు మంగళగిరి, కొందరు చీరాల, ఇంకొందరు గుంటూరు మిర్చి కొట్లలో కూలికి. అలీ సాహెబు వాళ్లు గుంటూరే పోయారు.

పానకాలు మాత్రం ఊరుకోలేదు. నేతా మానేశాడు, నిద్రా మానేశాడు. మా ముత్తాత పేరు ఎట్టా పోయింది, ఎవరు మార్చారు, ఇదే మాట. యలమందయ్య లంచమిచ్చి మార్పించాడని అనుమానం. నలుగురిలో అన్నాడు కూడా. ఆ మాట విన్నప్పుడల్లా వెంకాయమ్మ చేతిలో పని చేతిలోనే ఆగిపోయేది.

పానకాలు గుంటూరులో రామచంద్రమూర్తిగారని ఒక పంతుల్ని పట్టుకున్నాడు. బడి పంతులుగా రిటైరై, పాత కాగితాలు చదవడం సరదాగా పెట్టుకున్న మనిషి. ఆయన పాత రికార్డుల గదిలో నాలుగు వారాలు దుమ్ము పీల్చి, తొంభై ఏళ్ల కిందటి సర్వే వివరాలు నకలు రాసుకొచ్చాడు. విచారణ రోజున కచేరీలో ఆయనే నిలబడి చదివాడు. పానకాలు, వెంకాయమ్మ, యలమందయ్య, కరణం అందరూ ఉన్నారు.

"సదరు ఉప్పుటేరు తూర్పున సముద్రమందు కలియుచోట ఇసుక గట్టు కలదు. వెడల్పు వేసవియందు నూట ఇరువది గజములు. దీనిని పానకాలు మొగ అందురు. మగ్గాలపాలెపు సాలె పానకాలు అనువాడు వరదయందు ఈ గట్టు తెగవేయుచు కొట్టుకొనిపోయినందున ఈ పేరు కలిగెనని చెప్పిరి. వర్షకాలమందు గట్టు తెగవేయుట ఆ పాలెపు కాపురస్తుల వాడుక. చెప్పినది సదరు పానకాలు తల్లి నాంచారమ్మ."

పానకాలు కళ్లు తుడుచుకున్నాడు. ముత్తాతకి తల్లి ఒకావిడ ఉండేదని, ఆవిడ పేరు నాంచారమ్మ అని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. వెంకాయమ్మకి మాత్రం ఇంకోటి తోచింది. తల్లి గనక చెప్పగలిగింది. కొడుకు పోయిన దుఃఖంలో కూడా, ఎవరో పరాయివాడు వచ్చి అడిగితే, కొడుకు పేరు నోరారా చెప్పింది.

తాసిల్దారు తలాడించి, "మరి కొత్త సర్వేలో ఎవరు చెప్పారో చూద్దాం" అని గుమాస్తా వంక చూశాడు. గుమాస్తా చదివాడు. "గవ్వల మొగ. చెప్పినది మగ్గాలపాలెం కాపురస్తురాలు వెంకాయమ్మ. వేలిముద్ర."

యలమందయ్య కూడా తల దించుకున్నాడు. పానకాలు మెల్లిగా ఆవిడ వైపు తిరిగాడు. కోపం లేదు ఆ చూపులో. దారం తెగితే కొస ఎక్కడుందో వెతుక్కునేవాడి చూపు.

"ఏమ్మా, నిజమేనా?" అన్నాడు తాసిల్దారు.

"నిజమేనండి."

"అసలు పేరు తెలిసే చెప్పావా?"

"తెలిసేనండి. చెప్పకూడదని చెప్పలేదు."

"ఇప్పుడు చెబుతావా?"

వెంకాయమ్మ కొంగు నోటి దగ్గర నుంచి తీసేసింది. "పానకాలు మొగండి," అంది. పదిహేనేళ్ల కాపురంలో మొదటిసారి. పేరు స్పష్టంగానే వచ్చింది. పానకాలు అక్కడే నిలబడి ఉన్నాడు, నిక్షేపంలా. ఏమీ కాలేదు. ఆ మధ్యాహ్నం చెప్పినా ఏమీ అయ్యేది కాదని అప్పుడు తెలిసింది ఆవిడకి. తెలిసి ఏం లాభం?

పెళ్లాం మాట మొగుడి పక్షాన చెల్లదు, ఆ రోజు ఊళ్లో ఉన్న బయటి మనిషి ఎవరన్నా ఉంటే సాక్ష్యం తెచ్చుకోండి అన్నాడు తాసిల్దారు.

"ఉందండి ఒక మనిషి," అంది వెంకాయమ్మ.

గుంటూరు బస్సులో పానకాలు కిటికీ పక్కన కూర్చున్నాడు. చిలకలూరిపేట దాటాక, "చెప్పుంటే పోయేదిగా, ఆ రోజే ఇంటికి రాగానే. నేను వెళ్లి ఆయన్ని పట్టుకుని మార్పించుకునేవాణ్ణి" అన్నాడు కిటికీ వంక చూస్తూ.

మిర్చి కొట్టు ఆవరణలో కాయలు గుట్టలు పోసి ఉన్నాయి. ఆడవాళ్లు ముక్కులకి గుడ్డలు కట్టుకుని, చుట్టూ కూర్చుని తొడిమెలు తీస్తున్నారు. రహమతున్నీసా గుడ్డ దించి పలకరించింది. మనిషి చిక్కిపోయింది. వేళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి, రంగు నూలు పిండినప్పటి ఎరుపు కాదు అది. పానకాలు అలీ సాహెబు కోసం బయట ఆగాడు. వెంకాయమ్మ గుట్ట పక్కనే కూర్చుని తనూ నాలుగు కాయలు తీసుకుంది. వచ్చిన పని చెప్పింది. తరువాత అసలు మాట చెప్పింది.

"ఆ రోజు నువ్వు కంచె అవతలే ఉన్నావు."

"ఉన్నానక్కా."

"నేను ఎవరూ లేరన్నాను."

"విన్నా." రహమతున్నీసా తొడిమె తుంచి పారేసింది. "ఆ అయ్యగారు నీచేత పేరు చెప్పించలేక తిప్పలు పడుతుంటే నాకు నవ్వు కూడా వచ్చింది. నోటిదాకా వచ్చిందక్కా, పానకాలు మొగ సామీ అని కేక వేద్దామని. అప్పుడే నువ్వు ఎవరూ లేరన్నావు. లేనిదాన్ని నేనెట్టా కేక వేసేది?"

వెంకాయమ్మ చేతిలో కాయ నలిగింది.

"నేనూ కావాలనే ఊరుకున్నాలే," అంది రహమతున్నీసా ఇంకో కాయ అందుకుంటూ. "నీకు అట్టా కావాల్సిందే అనుకున్నా. ఏదో చిన్న పేరు మాటే కదా అనుకున్నా. ఊరు పోద్దనుకోలేదు."

"అయిదేళ్లు పక్కపక్కన కూర్చున్నాం. ఒక్కసారన్నా అడక్కపోయావా?"

"నువ్వు ఎత్తితే ఎత్తుదామనుకున్నా."

"నేనూ అదే అనుకున్నా."

ఇద్దరూ తుమ్ములు వచ్చి ఆగారు. మిరప ఘాటుకి కళ్లమ్మట నీళ్లు కారాయి. తుడుచుకుంటే మరీ మండుతాయని ఎవరూ తుడుచుకోలేదు.

రహమతున్నీసా కూలి మానుకుని వచ్చి సాక్ష్యం చెప్పింది. కంచె దగ్గరే ఉన్నానని, విన్నానని, పలకలేదని అన్నీ చెప్పింది. కాగితాలు పైకి వెళ్లాయి. తీర్పు రావడానికి ఏడాది పైన పట్టింది. అచ్చయిన పటం మళ్లీ సర్వే దాకా మార్చడానికి వీల్లేదట. గవ్వల మొగ గవ్వల మొగగానే ఉంటుంది. రిమార్కుల గడిలో మాత్రం పానకాలు మొగ అని కూడా వాడుక కలదని రాస్తారట. ఏటా వానలకి ముందు దరఖాస్తు పెట్టుకుంటే గట్టు కోసుకునే హక్కు మగ్గాలపాలెం వాళ్లదేనట.

ఆ కాగితం వచ్చేనాటికి పాలెంలో పదకొండు గడపలు మిగిలాయి. వెళ్లినవాళ్లు రాలేదు. చీరాలలో బల్ల మగ్గాల మీద కూలికి నేస్తున్నవాళ్లకి మళ్లీ గుంట తవ్వుకునే ఓపిక ఎక్కడిది?

ఆ ఏడు ఆశ్వయుజంలోనే ఏరు ఎక్కింది. దరఖాస్తు ముందే పెట్టారు. పానకాలు తలపాగా చుట్టుకుని మొదటి పార వేశాడు. వెనక ఉన్నవి ఆరు పారలు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా తవ్వారు. ఒక పారెడు తీస్తే అలొచ్చి రెండు పారల ఇసుక పోసి పోయేది. ముప్పై మంది పని అది. వెంకాయమ్మా మిగతా ఆడవాళ్లూ తట్టలతో ఇసుక మోశారు. అయినా గండి పడలేదు. పానకాలు పార ఆనించి నిలబడి ఆయాసపడుతున్నాడు, నడుం మీద చెయ్యి వేసుకుని.

అవతలి గట్టు మీద యలమందయ్య కొంతసేపు చూశాడు. చూసి, తన మనుషుల్ని ఇరవై మందిని కేకేసుకుని, పంచెలెగ్గట్టి ఏట్లోకి దిగి ఇవతలికి వచ్చాడు. "జరుగు పానకాలూ, ఈ ఏడు నా చేపలు పోతే పోయినయ్యిలే," అన్నాడు. వాళ్లూ వీళ్లూ కలిసి తవ్వారు. పొద్దు వాలకముందే నీరు దారి పట్టింది. గట్టు విరిగి పడుతూ పడుతూ, ఏరంతా ఒక్కపెట్టున సముద్రం మీదికి పోయింది.

"గవ్వల మొగ తెగిందిరో," అని అరిచారు తూర్పుదిబ్బ వాళ్లు. ఆ అరుపు అందుకుని పాలెం పిల్లలు కూడా గట్టు పొడవునా పరిగెత్తారు, గవ్వల మొగ తెగింది, గవ్వల మొగ తెగింది అంటూ. వాళ్లలో వెంకాయమ్మ కూతురు కూడా ఉంది. బళ్లో గోడ మీద పటంలో అలాగే ఉంది మరి.

వెంకాయమ్మ తట్ట దించి పెనిమిటి మొహం వంక చూసింది. పిల్లల్ని అదిలిస్తాడేమో, అసలు పేరు చెప్పమంటాడేమో అని. అతను పార నీళ్లలో ముంచి ఇసుక కడుక్కుంటున్నాడు.

"పోనీలే వెంకాయీ," అన్నాడు తల ఎత్తకుండా. "పేరేదైతేనేం. నీళ్లు పోతున్నాయిగా."

ఆ మాట అతను తన మనసుకి నచ్చి అనలేదని, ఆవిడ కోసమని అన్నాడని వెంకాయమ్మకి తెలుసు. తిడితే బాగుండుననిపించింది. తిట్టలేదు. తిట్టకుండానే ఇంటికి నడిచాడు, ఆవిడ తట్ట కూడా తనే అందుకుని.